మోకాలి మీద మాసిక

మా వీధిలో అందరూ నన్ను బొంతక్క అంటారు. ఆరేళ్ల పిల్లలకీ బొంతక్కనే, డెబ్బయ్యేళ్ల పెద్దాయనకీ బొంతక్కనే. మా ఆయన కూడా మొదట్లో సరదాపడి అలా పిలవబోయాడు గానీ, నా మొహం చూసి మానుకున్నాడు. సైకిళ్ల షాపు మీద మొదటి అంతస్తులో ఉంటుంది నా గది. రెండు కిటికీలు, ఒక కుట్టుమిషను, సగం గదిని మింగేసిన బల్ల. పాతికేళ్లుగా పాత జీన్సు ప్యాంట్లు కోసి బొంతలు కుడుతున్నాను. మెత్తటి నూలుగుడ్డల బొంత ఎవరైనా కుడతారు. జీన్సు బొంత కుట్టాలంటే సూదులు విరగాలి, భుజాలు పడిపోవాలి, నోరు కూడా కాస్త గట్టిదై ఉండాలి. ఆ మూడోది నాకు పుట్టుకతోనే వచ్చిందని మా అమ్మ అంటుండేది.

నాకో పద్ధతుంది. బొంత కప్పుకోబోయే మనిషి స్వయంగా వచ్చి నా బల్ల మీద పడుకోవాలి. ఫోనులో కొలతలు చెబితే ఆర్డరు తీసుకోను. ముడుచుకుని పడుకునేవాళ్లకి వెడల్పు కావాలి, కాళ్లు బారజాపేవాళ్లకి పొడవు కావాలి, రాత్రంతా దొర్లేవాళ్లకి బరువు కావాలి. ఇవన్నీ మనిషిని చూస్తేనే తెలుస్తాయి. ఒక బ్యాంకు మేనేజరు వచ్చి, బూట్లు విప్పి బల్లెక్కడానికి నామోషీ పడ్డాడు. అయితే దుప్పటి కొనుక్కోండి సార్, పక్క వీధిలో దొరుకుతాయి అన్నాను. బూట్లు విప్పాడు.

మిరియానికి మాత్రం ఏదీ చెప్పాల్సిన పని లేకపోయింది. మిరియం ఆ పిల్ల అసలు పేరు కాదు. మనిషి చిన్నది, మాట ఘాటు, అందుకని మొదటి పది నిమిషాల్లోనే ఆ పేరు పెట్టేశాను. పద్దెనిమిదేళ్లు ఉంటాయి. రెండు నెలల్లో నర్సింగు చదువుకి హాస్టల్లో చేరబోతోంది. వచ్చీ రాగానే చెప్పులు విప్పి, బల్లెక్కి, కుడివైపుకి తిరిగి, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని కళ్లు మూసుకుంది.

"నేనిలాగే పడుకుంటాను. రాసుకోండి."

"నిజంగా నిద్రపోకు తల్లీ, ఇది సత్రం కాదు," అన్నాను టేపు తీస్తూ.

కొలతలయ్యాక సంచిలోంచి ఒక గళ్ల కాగితం తీసి నా ముందు పరిచింది. అడ్డంగా ఏడు గళ్లు, నిలువుగా తొమ్మిది. ఒక్కో గడి తొమ్మిదంగుళాలు. రంగు పెన్సిళ్లతో అన్నీ నింపుకొచ్చింది. అంచుల్లో బూడిద రంగు, అవి తన ప్యాంట్లు. లోపలి వరసలో ముదురు నీలం, అవి నాన్నవి. అక్కణ్ణుంచి లోపలికి వెళ్లేకొద్దీ లేత నీలం, ఇంకా లేత నీలం, నట్టనడిమి గడి దాదాపు తెలుపు. సాధారణంగా నా దగ్గరకొచ్చేవాళ్లు ఫోనులో ఏదో బొమ్మ చూపించి, ఇలాంటిదే అని వేలు పెడతారు. ఇంత ఆలోచించి వచ్చినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నాకు ముచ్చటేసింది. పైకి మాత్రం, "గీతలు వంకరగా ఉన్నాయి," అన్నాను. ముందే మెచ్చుకుంటే నెత్తినెక్కి కూర్చుంటారు.

"ఈ లేత రంగువన్నీ ఎవరివి?"

"మా అమ్మవి. నాలుగు ప్యాంట్లు. అమ్మ పోస్టులో పనిచేసేది, సైకిలు మీద ఉత్తరాలు పంచేది. నా తొమ్మిదో ఏట పోయింది." గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది, చాలాసార్లు చెప్పి చెప్పి అలవాటైనట్టు. తర్వాత నడిమి గడి మీద వేలు పెట్టింది. అప్పుడు గొంతు మారింది. "ఇక్కడ మాత్రం ఒక మోకాలి ముక్క రావాలి బొంతక్కా. ఆ మోకాలికి అమ్మ మాసిక వేసింది. లోపల వేరే గుడ్డ పెట్టి, బయటికి దారం కనబడకుండా ఎంత సన్నగా కుట్టిందో! అమ్మ చేత్తో చేసింది నా దగ్గర అదొక్కటే ఉంది. అది పాడవకుండా చూడాలి. మిగతావన్నీ ఎలా పోయినా పరవాలేదు."

"నా చేతిలో ఏదీ పాడవదు. ఇంట్లో ఇంకెవరున్నారు?"

"నాన్న, నేను, పిన్ని."

"మరి కాగితంలో పిన్ని ఎక్కడ?"

మిరియం పెన్సిలు కొన కొరికింది. "పిన్ని మంచిదే. ఆవిడంటే నాకేం కోపం లేదు. నా పన్నెండో ఏట మా ఇంటికొచ్చింది. కానీ ఇది అమ్మ బొంత."

నేను కల్పించుకోలేదు. బొంత ఎవరు కప్పుకుంటారో వాళ్లదే మాట. అడుగున అస్తరుకి మెత్తటి తెల్లగుడ్డ, మధ్యలో పల్చటి పాత దుప్పటి అని ఇద్దరం ఒప్పుకున్నాం. చివర్లో ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. "ప్యాంట్లు ఉతికి తీసుకురా. మురికి గుడ్డ మీద నా కత్తెర ఆడదు."

"రేపటినుంచి పరీక్షలు, మేనత్త ఊళ్లో. పది రోజులు ఉండను. అన్నీ ఒక సంచిలో పెట్టి వెళతాను, నాన్న ఉతుకుతాడు."

"మీ నాన్నకి చెప్పు, శుభ్రంగా చేసి తెమ్మన్నానని. ఇంతకీ ఏం చేస్తారాయన?"

"రంగుల షాపు. వెలిసిపోయిన బట్టలకి రంగు వేస్తాడు."

దొంగ చేతికి తాళాలిచ్చానని నాకప్పుడు తట్టలేదు. పాతికేళ్ల అనుభవం, ఈ జుట్టు నెరవడం, అన్నీ దండగ.

పదకొండో రోజు మధ్యాహ్నం తండ్రీకూతుళ్లు కలిసే వచ్చారు. మిరియం బస్సు దిగి సరాసరి ఇటే వచ్చింది, చేతిలో పెట్టె అలాగే ఉంది. రంగులాయన ముందు నడుస్తున్నాడు, భుజం మీద పెద్ద మూట. పొట్టి మనిషి. మోచేతుల దాకా నీలం. మొహం నిండా సంతోషం. మూటని నా బల్ల మీద దించి, ముడి విప్పి, రెండడుగులు వెనక్కి వేసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పదకొండు ప్యాంట్లు. ఇస్త్రీ చేసి మడతపెట్టినవి. పదకొండూ ఒకే రంగు. చిక్కటి, నిగనిగలాడే ముదురు నీలం.

"ఎలా ఉన్నాయి? కొత్తవి కూడా ఇలా ఉండవు," అన్నాడు. "సంచి తెరిచి చూద్దును కదా, ఒక్కటీ ఒక రంగులో లేదు. రంగులాయన కూతురు వెలిసిపోయిన బొంత కప్పుకుందని హాస్టల్లో పిల్లలంతా నవ్వరూ? మూడు రోజులు షాపు కట్టేసి అన్నీ ఒక్క తొట్టిలో ముంచాను. సంచిలోవి ఎనిమిదే ఉన్నాయి. చాలవేమోనని అటక మీద మీ పిన్నివి మూడుంటే అవి కూడా వేసేశాను. బంగారం, ఎలా ఉన్నాయమ్మా?"

బంగారం మూట మీదికి వంగింది. ఒక్కో ప్యాంటూ తీసి విప్పింది, మోకాళ్లు చూసింది, పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది. నాలుగోదాన్ని విప్పి చూసి, మళ్లీ మొదటిదాన్ని తీసింది. ఆరోదానికి నేల మీద కూలబడింది.

"అమ్మవి ఏవి నాన్నా?"

అప్పుడు చూడాలి ఆ మనిషిని. మొహంలో రంగంతా దిగిపోయింది. పాపం, రంగు దిగకుండా చూడటమే ఆయన వృత్తి.

"అవి... ఇవే కదూ... ఇది కాదూ?" అని ఒకటి పైకెత్తాడు. అది ఆయనదే.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారే, అలా అయింది ఆయన పని. నాకు ఒళ్లు మండిపోయింది. "ఉతకమంటే ముంచమన్నట్టా అన్నయ్యా? జీన్సు బొంతకి వెలిసిన రంగే అందం. దాన్ని కొనుక్కోవాలన్నా దొరకదు. ఒక్క తొట్టిలో పదేళ్ల ఎండంతా తుడిచేశావు కదయ్యా!" అని దులిపేశాను. ఆయన తల దించుకుని ప్రతి మాటకీ ఔనౌనంటున్నాడు. అలా ఒప్పేసుకునేవాళ్లని తిట్టడంలో రుచి ఉండదు. నాలుగు మాటలకే నా కోపం చప్పబడింది.

మిరియం చెంపలు తుడుచుకోకుండా అంది. "మాసిక కూడా కనబడట్లేదు. అదొక్కటి దొరికితే చాలు. మాసిక గుడ్డ కూడా రంగు తాగేసినట్టుంది."

"ఏడుపాపి లే," అన్నాను. "రంగు అబద్ధం చెబుతుంది గానీ గుడ్డ చెప్పదు. ఇటివ్వు."

కిటికీ పక్కకి లాగాను బల్లని. ఒక్కో ప్యాంటునీ వెలుతురుకి ఎత్తి, వేళ్లతో తడుముతూ చదవడం మొదలుపెట్టాను. అవును, చదవడమే. రెండు ప్యాంట్లకి తొడల మీద గుడ్డ అట్టలా బిగిసింది. "ఇవి నీవేనా అన్నయ్యా? చేతులు తుడుచుకోవడానికి ఇంట్లో గుడ్డే లేనట్టుంది." రెండు చిన్నవి, వాటి నడుము చూస్తేనే మిరియానివని తెలుస్తోంది. మిగిలినవి ఏడు. అమ్మ, పిన్ని ఒకే ఒడ్డూ పొడుగూనట, కొలతలతో తేలదు. కానీ నాలుగింటికి కూర్చునే చోట గుడ్డ పల్చబడి అవతలి వెలుతురు కనబడుతోంది. ఆ నాలుగింటికీ కుడికాలి అంచు దగ్గర గుడ్డ నలిగి చిల్లులు పడి ఉంది.

"చూడు. సైకిలు చెయిను కొరికిన చోటు. కుడికాలికే ఉంటుంది. కింద షాపులో అడుగు, కావాలంటే. నాలుగూ మీ అమ్మవి."

మిరియం ఆ నాలుగింటినీ ఒళ్లోకి లాక్కుంది. నేను వాటి మోకాళ్లు ఒక్కొక్కటే వేళ్ల మధ్య నలిపి చూశాను. మూడోదాని ఎడమ మోకాలు రెండింతల మందం తగిలింది. కాలు లోపలిది బయటికి తిప్పాను. ఉంది మాసిక. లోపల వేసిన గుడ్డ కూడా నీలం తాగేసింది గానీ, దాని మీద మూడు అలల్లా కుట్టిన పసుప్పచ్చ దారం మాత్రం తాగలేదు. నైలాను కలిసిన దారం మరి, ఏ తొట్టిలో ముంచినా దాని రంగు దానిదే.

"ఇదే! ఇదే నాన్నా!" అని ఎగిరి గంతేసింది మిరియం. రంగులాయన కళ్లు తుడుచుకున్నాడు, బుగ్గలకి నీలం అంటింది.

"కానీ నాకొకటి అర్థం కాదు," అన్నాడాయన ప్రాణం కుదుటపడ్డాక. "మీ అమ్మకి సూదిలో దారం ఎక్కించడం కూడా వచ్చేది కాదు. నా చొక్కా గుండీలు నేనే కుట్టుకునేవాణ్ణి. ఈ ఒక్కటి ఇంత బాగా ఎలా కుట్టిందో!"

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పిన్ని వచ్చింది. మొక్కల నర్సరీలో పని ఆవిడది. మొగుడు చేసిన ఘనకార్యం ఏదో ఫోనులో విని ఉన్నపళంగా వచ్చేసినట్టుంది, చేతులకి తడిమట్టి ఇంకా ఆరలేదు. పొడుగు చొక్కా, కింద జీన్సు. గుమ్మంలోంచే బల్ల కేసి చూసింది. మిరియం మొహం చూసి ముందు ఊపిరి పీల్చుకుంది. తర్వాత విడిగా పడి ఉన్న మూడు ప్యాంట్లు కనబడ్డాయి.

"అవి నావి కదూ? మధ్యలో ఇవెందుకు, చెత్తలో వేసేస్తాను," అంటూ గబగబా వచ్చి వాటిని చుట్టబెట్టబోయింది. ఆ తొందరలో ఒకటి జారి నా కాళ్ల దగ్గర పడింది.

వంగి తీశాను. వెనక ఒక జేబే ఉంది. దాని మీద పసుప్పచ్చ దారంతో మూడు అలలు. రెండో జేబు ఉండాల్సిన చోట గుడ్డ మీద సూది చిల్లులు మాత్రం జేబు ఆకారంలో వరసగా ఉన్నాయి.

తలెత్తి చూశాను. పిన్ని నాకేసి చూస్తోంది. వద్దన్నట్టు తల అడ్డంగా, చాలా చిన్నగా ఆడించింది.

నా నోరు నాకంటే ఎప్పుడూ రెండడుగులు ముందుంటుంది. ఆ పూట మాత్రం ఎలా ఆగిందో నాకే ఆశ్చర్యం. ఏం చేయాలో తోచక ఆ ప్యాంటుని కుర్చీలో పడేసి దాని మీద కూర్చున్నాను.

"బొంతక్కా," అంది మిరియం. "లేవండి."

"మోకాళ్ల నొప్పి తల్లీ. కాసేపు కూర్చోనీ."

"ఇందాకటిదాకా లేని నొప్పి ఇప్పుడెక్కణ్ణుంచొచ్చింది? లేవండి."

"పెద్దవాళ్లని లేవమనకూడదు."

రంగులాయనకి ఏమీ అర్థం కాలేదు. "ఇస్త్రీ నలిగిపోతుంది, ఇటివ్వండక్కా," అని మర్యాదగా చెయ్యి చాచాడు. చేసేదేముంది, లేచాను. మిరియం ఆ ప్యాంటు తీసుకుని వెనక్కి తిప్పింది. జేబు చూసింది. బల్ల మీది మోకాలు చూసింది. సూది చిల్లుల మీద మెల్లగా వేలు నడిపింది.

"పిన్నీ, ఇది నీ జేబు."

పిన్ని చేతులు చొక్కాకి తుడుచుకుంది. ఆ చొక్కా కూడా పాడైంది. "నేనొచ్చిన కొత్తలో అటక మీద పెట్టె దించాను. ఎలుకలు దూరాయి అందులో. మోకాలి దగ్గర అరచెయ్యంత కన్నం పెట్టాయి. నువ్వు చూస్తే తట్టుకోలేవనిపించింది. కొత్త గుడ్డ వేస్తే తెలిసిపోతుంది, అంత పాత గుడ్డ నా జేబొక్కటే దొరికింది. కుట్టి మళ్లీ పెట్టెలో పెట్టేశాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే అనుకున్నా. నువ్వు పెద్దయ్యాక ఒకరోజు అది వేసుకుని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చావు. అమ్మ ఎంత బాగా కుట్టిందో చూడు పిన్నీ అన్నావు. అంత సంతోషంగా నిన్నెప్పుడూ చూడలేదు. ఇంకెలా చెప్పను?"

"అప్పుడు నువ్వేమన్నావు?"

"బాగుందన్నా."

"నీ కుట్టుని నువ్వే మెచ్చుకున్నావా!"

ముందు నేను నవ్వాను. ఆపుకోలేకపోయాను. తర్వాత రంగులాయన, ఆ తర్వాత పిన్ని కూడా చేత్తో నోరు మూసుకుని నవ్వింది, మూతి మీద మట్టి అంటుకుంది. మిరియం కూడా నవ్వింది గానీ సగంలో ఆగిపోయింది.

"అయితే అమ్మ చేత్తో చేసింది నా దగ్గర ఏదీ లేదన్నమాట," అంది.

పిన్ని మొహం వాడిపోయింది. ఇన్నాళ్లూ ఆవిడ భయపడింది సరిగ్గా ఈ మాటకే. నాకిక ఊరుకోబుద్ధి కాలేదు. అమ్మ ప్యాంటు ఒకటి తీసి కూర్చునే చోటు కిటికీకి అడ్డంగా పట్టాను. పల్చటి గుడ్డలోంచి వెలుతురు వచ్చి బల్ల మీద పడింది.

"ఇదేంటి మరి? మీ అమ్మకి కుట్టడం రాదని మీ నాన్నే చెప్పాడు. ఆవిడకి తొక్కడం వచ్చు. ఎండలో, వానలో, నిన్ను కడుపులో పెట్టుకుని, నీకు స్కూలు ఫీజు కట్టడానికి, నాలుగు ప్యాంట్లు జల్లెడయ్యేదాకా తొక్కింది. దీన్ని మించిన చేతిపని ఏం కావాలే నీకు? ఎవరికొచ్చిన పని వాళ్లు చేశారు. ఒకావిడ తొక్కింది, ఇంకొకావిడ కుట్టింది. ఇద్దరూ నీ కోసమే చేశారు. ఏడవదలుచుకుంటే ఏడువు, నా గుడ్డల మీద మాత్రం ఏడవకు."

కాస్త కటువుగానే అన్నాను. నాకు మెత్తగా చెప్పడం చేతకాదు. మిరియం మాత్రం ఏడవలేదు. ఆ వెలుతురు చుక్కల కింద తన అరచెయ్యి పెట్టి చాలాసేపు చూసుకుంది. తర్వాత మోకాలి ముక్క దగ్గరకెళ్లి దాన్ని ఒకసారి బయటికి, ఒకసారి లోపలికి తిప్పింది. మళ్లీ తిప్పింది.

"బొంతక్కా, నడిమి గడిలో ఇదే పెట్టండి. కానీ తిరగేసి పెట్టండి. మాసిక పైకి కనబడాలి."

"అయ్యో, వద్దమ్మా," అంది పిన్ని. "అలా చేస్తే అమ్మ వైపు అస్తరు కిందికి పోతుంది. అది అమ్మ బొంత. నా ముక్క ఎందుకందులో?"

మిరియం నాకేసి చూసింది. ఆ చూపు నాకు తెలుసు, చేసి పెట్టమనే చూపు. పాతికేళ్లలో నేను గుడ్డ తిరగేసి కుట్టిన పాపాన పోలేదు. అది మా పనిలో తప్పు కింద లెక్క. అయినా కాగితం మీద లెక్కేశాను.

"ఆ ఒక్క గడికీ లోపల దుప్పటి పెట్టను, అస్తరు వెయ్యను. చుట్టూ అంచు మడిచి కిటికీలా వదిలేస్తాను. ఒక ముక్కే, రెండు వైపులా కనబడుతుంది. పైన పిన్ని కుట్టు, కింద అమ్మ గుడ్డ. పాడవకుండా అంచుకి రెండు వరసలు వేస్తాను. సరేనా?"

"కప్పుకుంటే అమ్మ నాకు తగులుతుంది కదూ?"

"సరిగ్గా గుండెల మీద. కొలత తీసుకున్నా కదా."

రంగులాయన గొంతు సవరించుకుని, కావాలంటే రంగు దింపే మందు కూడా తన దగ్గర ఉందన్నాడు. ముగ్గురం ఒకేసారి వద్దని అరిచాం. ఆయన బిక్కమొహం వేసుకుని కిటికీ దగ్గరకెళ్లి సైకిళ్లు చూస్తూ నిలబడ్డాడు.

బొంత కుట్టడానికి ముప్ఫై నాలుగు రోజులు, పదకొండు సూదులు పట్టాయి. హాస్టలుకి బయల్దేరే ముందురోజు తీసుకెళ్లడానికి ముగ్గురూ వచ్చారు. బల్ల మీద పరిచి చూపించాను. అంతా ఒకే నీలం, నట్టనడుమ మాత్రం మూడు పసుప్పచ్చ అలలు. ఎక్కడి నుంచి చూసినా కన్ను నేరుగా వాటి మీదకే పోతోంది. మిరియం పిన్ని చెయ్యి పట్టుకుని ఆ గడి మీద పెట్టబోయింది.

"ఉండమ్మా, చేతులు మట్టిగా ఉన్నాయి," అంది పిన్ని వెనక్కి లాక్కుంటూ.

"అంటనీ, అమ్మా," అంది మిరియం.

ఆ మాట తన నోటి నుంచి వచ్చిందని మిరియానికి తెలిసిందో లేదో నాకు తెలీదు. పిన్నికి తెలిసింది. ఆవిడ అయిదు వేళ్లూ నీలం గుడ్డ మీద మట్టిరంగులో అచ్చుగా పడ్డాయి. రంగులాయన ఆ మరక కేసి ఒక్క చూపు చూసి తన చేతులు రెండూ జేబుల్లో పెట్టేసుకున్నాడు.